ఏ మాటలు కొట్టెయ్యమంటారు?

హాల్విక్, నార్త్ డకోటా
12 జనవరి 1978

సోల్వేగ్ అక్కకు,

బయట సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీల కిందకి పోయింది. కారు కదలనని మొండికేసింది. అందుకే ఇవాళ నీకు తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మంగళవారం స్కూల్ బోర్డు సమావేశమైంది. నేను క్లర్కుగా చేరి ఆరేళ్లయినా అలాంటి సమావేశం చూడలేదు. నేల పాలిష్ చేసే మిషను కొనాలా వద్దా అన్న దాని మీద ఐదుగురు సభ్యులూ ఇరవై ఐదు నిమిషాలు వాదించుకున్నారు. ఆ తర్వాత ఏడో అంశం వచ్చింది: సాండ్రే బడి మూసివేత. నువ్వు పాఠాలు చెప్పిన, నేను చదువుకున్న సాండ్రే బడే. అక్కడి ముప్పై ఒక్కమంది పిల్లల్నీ ఈ శరత్కాలం నుంచి బస్సెక్కించి ఇరవై ఆరు మైళ్ల దూరంలోని హాల్విక్‌కి తెస్తారట. మన మంచు తుఫానుల్లో!

అధ్యక్షుడు హార్లన్ ఫాస్ "ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు. లవాన్ హెగ్ ఒక్కతే నోరు తెరిచింది. బోర్డులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె.

"ఈ సంగతి నేనిప్పుడే వింటున్నాను. కాగితాలేవి? లెక్కలేవి?"

దానికి ముసలి ఆర్విల్ డాల్ "ఇందులో మాట్లాడేదేముందమ్మా, ఆదివారం హార్లన్ ఇంట్లోనే తేల్చేసుకున్నాం కదా!" అనేశాడు.

గది చల్లబడిపోయింది. హార్లన్ వెంటనే ఓటు పెట్టాడు. నలుగురు అవునన్నారు, లవాన్ కాదంది. గడియారం చూశాను. మొత్తం నాలుగు నిమిషాలు.

బోర్డు పని బహిరంగంగా జరగాలని చట్టం చెబుతోంది. నలుగురు సభ్యులు ఒక ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకుంటే ఇక మంగళవారం జరిగేది నాటకమే. ఆర్విల్ అన్నదాన్ని పొల్లుపోకుండా సమావేశం రికార్డులో, అంటే మినిట్స్‌లో రాశాను. బాగానే చేశానా?

నీ
ఆర్డిస్

*

బ్రెమర్టన్, వాషింగ్టన్
24 జనవరి 1978

ఆర్డీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వాన. ఫెర్రీ పడవలన్నీ ఆలస్యంగా నడుస్తున్నాయి. టికెట్ కౌంటర్లో కూర్చుని రోజంతా జనం చేత తిట్లు తింటున్నాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. బాగా చెయ్యలేదు. నీ పని వాళ్లు ఏం నిర్ణయించారో రాయడం. ఎవడు ఏ తిక్క మాట అన్నాడో రాయడం కాదు. ఆ వాక్యం తీసేసి ఇంకో కాగితం టైపు చెయ్యి. రెండు నిమిషాల పని.

మీ ఆయన లాయిడ్, ఆ హార్లన్‌కున్న ధాన్యం గోదాములోనే కాటా దగ్గర పని చేస్తున్న సంగతి మరిచిపోయావా?

సాండ్రే బడి గురించి మాత్రం నాకు రాయకు. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

సోల్వేగ్

*

హాల్విక్
16 ఫిబ్రవరి 1978

అక్కా,

నీ మాట వినలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తిట్టు.

సమావేశానికి ముందురోజు హార్లన్ మా ఇంటికొచ్చాడు. బూట్ల మీది మంచు కూడా దులుపుకోలేదు. వంటింట్లో బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. జనవరి మినిట్స్‌ని తనే మళ్లీ టైపు చేయించాడు. ఆర్విల్ మాట అందులో లేదు.

"సంతకం పెట్టు ఆర్డిస్. మనిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. ఇంత చిన్నదానికి రాద్ధాంతమెందుకు?"

"చిన్నదైతే ఇంత చలిలో ఎందుకొచ్చావు?"

"ముసలాయన నోరు జారాడు. అంతే."

"ఆయన నోరు జారాడు, నా కలం జారలేదు. బోర్డంతా ఓటేసి కొట్టేస్తే అది బోర్డు ఇష్టం. నా సంతకం మాత్రం జరిగినదాని కిందే ఉంటుంది."

కాఫీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. లాయిడ్ పక్క గదిలోంచి తొంగిచూసి, "కోపమొస్తే మీ నైగార్డ్ ఇంటి ఆడాళ్ల చెవులు ఎర్రబడతాయి. నీ చెవుల మీద రొట్టె కాల్చుకోవచ్చు" అన్నాడు.

మర్నాడు సమావేశం. మూడో అంశం, గత మినిట్స్ ఆమోదం. ఆర్విల్ చెయ్యెత్తాడు.

"ఆ మినిట్స్‌లోంచి కొన్ని మాటలు కొట్టెయ్యాలని తీర్మానం పెడుతున్నా."

ఎవరో బలపరిచారు. నేను తలెత్తాను.

"ఏ మాటలు కొట్టెయ్యమంటారు, ఆర్విల్ గారూ?"

"అదే... ఆ మాటలే."

"ఏవి?"

"నీకు తెలుసు కదమ్మా!"

"నాకు తెలిసింది రాసే హక్కు నాకు లేదండీ. మీరన్నదే రాయాలి. ఏ మాటలో చెప్పకపోతే ఏం కొట్టేసినట్టు?"

ఆర్విల్ హార్లన్ వైపు చూశాడు. హార్లన్ పైకప్పు వైపు చూశాడు. చివరికి ఆర్విల్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "'ఆదివారం హార్లన్ ఇంట్లోనే తేల్చేసుకున్నాం కదా' అని నేనన్న మాట కొట్టెయ్యాలి."

నేను నెమ్మదిగా, "నేనన్న" అన్న ముక్క కూడా వదలకుండా రాసుకున్నాను. లవాన్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నలుగురి ఓటుతో తీర్మానం నెగ్గింది. జనవరి పుట మీద గీత కొట్టాను. ఫిబ్రవరి పుటలో అదే మాట, ఈసారి ఆయన ఒప్పుకోలుతో సహా, చక్కగా కూర్చుంది. కింద సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి లాయిడ్‌కి చెబితే కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వాడు.

నీ
ఆర్డిస్

*

బ్రెమర్టన్
1 మార్చి 1978

ఆర్డిస్,

నవ్వుకున్నది చాలు.

నువ్వు తెలివైనదానివని ఊరికి తెలిసింది, సంతోషం. ఇప్పుడు వాళ్లకీ తెలిసింది. ఫాస్ కుటుంబం గుమ్మంలో నిలబడి అరిచే రకం కాదు. మర్యాదగా కూర్చోబెడతారు, కాఫీ పోస్తారు, బాదం బిస్కెట్లు పెడతారు. ఆ వంటింట్లోంచి బయటికొచ్చేసరికి నీ కాళ్ల కింద నేల ఉండదు. ఎవరూ నిన్ను నెట్టినట్టు కూడా కనిపించదు.

నలభై ఏళ్లదానివి. ఇంట్లో మొగుడున్నాడు. ఈ పిచ్చి మానుకో.

సోల్వేగ్

*

హాల్విక్
18 మార్చి 1978

అక్కా,

హార్లన్ వాళ్ల వంటింట్లో బాదం బిస్కెట్లు పెడతారని నీకెలా తెలుసు?

ముందు మార్చి సమావేశం సంగతి. ఫిబ్రవరి మినిట్స్ ఆమోదానికి వచ్చాయి. ఆర్విల్ "మళ్లీ నేనే చదవాలా ఏంటి?" అని గొణిగాడు. హార్లన్ పళ్లు బిగించి ఉన్నవి ఉన్నట్టే ఆమోదింపజేశాడు. అంటే ఆ మాట ఇప్పుడు బోర్డు ముద్రతో ఖాయమైపోయింది.

తర్వాత జనం మాట్లాడే వేళ. మామూలుగా ఆ వేళకి గదిలో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. మొన్న సాండ్రే నుంచి పంతొమ్మిది మంది వచ్చారు. మనిషికి మూడే నిమిషాలన్నాడు హార్లన్. ఇంటి నుంచి తెచ్చిన, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే గంటని బల్ల మీద పెట్టాడు. పైగా, "మాట్లాడినవాళ్ల పేర్లు రాస్తే చాలు, మాటలు రాయక్కర్లేదు" అని నాకు ఆజ్ఞ.

పాల ట్రక్కు నడిపే బెర్నీస్ మొదట లేచింది. "అయితే నా పేరు పూర్తిగా రాసుకోమ్మా. సాండ్రే బడిలో మూడు తరాలుగా చదువుకున్న ఇంటి బెర్నీస్ ఎలనోర్ స్టూర్లి. ఇదంతా నా పేరే" అంది. జనం పకపకా నవ్వారు. ఆ తర్వాత లేచిన ప్రతివాళ్లూ అదే పద్ధతి. మంచులో బస్సు బోల్తా పడితే బాధ్యత ఎవరిదని అడుగుతున్న క్లారెన్స్ మో. ఆదివారం పూట చర్చికి రాకుండా హార్లన్ ఇంటికెందుకు వెళ్లారని అడుగుతున్న ఇడా మో. నేను పేర్లే రాశాను అక్కా. మూడు పుటలు పట్టాయి.

ఇక నీ సంగతి. పాత మినిట్స్ పుస్తకాలు ఉండే ఇనప బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. 1951 పుస్తకం తీశాను. మే 7, సోమవారం: "మిస్ సోల్వేగ్ నైగార్డ్ స్వచ్ఛందంగా ఇచ్చిన రాజీనామాను బోర్డు విచారంతో ఆమోదించింది." దానికి నీ రాజీనామా కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. దస్తూరీ నీదే. తేదీ మే 6.

ఆరో తేదీ ఆదివారం. ఆదివారం నాన్న మనల్ని కలం ముట్టనిచ్చేవాడు కాదు. ఆ కాగితం నువ్వు మనింట్లో రాయలేదు. ఎక్కడ రాశావు?

పట్నం మీద మోజుతో నువ్వు వెళ్లిపోయావని అమ్మ చెప్పింది. ఇరవై ఏడేళ్లు అదే నమ్మాను. నీ మీద కోపం కూడా పెట్టుకున్నాను.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. లాయిడ్ కూడా.

ఆర్డిస్

*

బ్రెమర్టన్
30 మార్చి 1978

ఆర్డీ,

లాయిడ్ బాగానే ఉన్నాడా? మార్చి మూడునే వాణ్ని గోదాము పనిలోంచి తీసేశారని వాడే నాకు ఉత్తరం రాశాడు. "మీ చెల్లెలికి చెప్పకండి, నేను చెప్పేశానని తెలిస్తే కొడుతుంది" అని కింద ఒక ముక్క కూడా రాశాడు. నువ్వు దాచావు, నేను దాచాను. ఇద్దరం సరికి సరి.

హార్లన్ వాళ్ల వంటింట్లో రాశాను.

ఆ ఏడు నువ్వు ఏడో తరగతి, హార్లన్ ఎనిమిది. వాడికి లెక్కలు రావు, చదవడం అంతంత మాత్రం. మొద్దు కాదు, బడికి వచ్చిందే తక్కువ. వాళ్ల నాన్న సగం రోజులు పొలం పనికి లాక్కుపోయేవాడు. ఇంకో ఏడాది అదే తరగతిలో ఉంచితే నిలదొక్కుకుంటాడని రిపోర్టు రాశాను. ఆయనే అప్పుడు బోర్డు అధ్యక్షుడు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీకి రమ్మన్నాడు. వెళ్లేసరికి బల్ల చుట్టూ బోర్డు సభ్యులు ఐదుగురూ ఉన్నారు.

"మా వాడు తప్పాడని రాసిన టీచరమ్మ ఈ జిల్లాలో ఉండదు. రాజీనామా ఇస్తే మంచి మాట రాసి పంపుతాం. ఇవ్వకపోతే నువ్వు పిల్లల్ని కొడతావని రాస్తాం" అన్నాడు. నేనెవరినీ వేలితో తాకలేదు ఆర్డీ. ఆ మాట పుస్తకంలోకి ఎక్కితే ఇంకెక్కడా పాఠం చెప్పనివ్వరని భయపడ్డాను. సంతకం పెట్టాను. పెట్టాక తెలిసింది, ఇక పాఠం చెప్పగలిగే మనిషిని నాలో నేనే పోగొట్టుకున్నానని. ఇరవై ఏడేళ్లుగా టికెట్లు కోస్తున్నాను.

నువ్వు "ఏ మాటలు?" అని అడిగిన చోట నేను కలం తీసుకున్నాను. అదీ తేడా. జనవరి నుంచి నీ మీద కోపం వచ్చిందంటే అందుకే వచ్చింది.

ఇక కోపం లేదు. దీంతో పాటు బోర్డుకి ఒక ఉత్తరం పెట్టాను. అజెండాలో "వచ్చిన ఉత్తరాలు" అనే అంశం ఇంకా ఉందా? మా కాలంలో ఉండేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ క్లర్కు పైకి చదవాలి. చదువు. గొంతు వణక్కుండా చదువు.

నీ
అక్క

*

బ్రెమర్టన్
30 మార్చి 1978

హాల్విక్ స్కూల్ బోర్డు అధ్యక్షులకు, సభ్యులకు,

1951 మే 7 నాటి మీ మినిట్స్‌లో నేను స్వచ్ఛందంగా రాజీనామా చేశానని ఉంది. అది అబద్ధం. ముందురోజు ఆదివారం, అప్పటి అధ్యక్షుడి వంటింట్లో, బోర్డు సభ్యులు ఐదుగురూ నన్ను కూర్చోబెట్టి, బెదిరించి ఆ కాగితం రాయించారు. ఒక పిల్లవాణ్ని పై తరగతికి పంపనన్నందుకు నన్ను పనిలోంచి తీసేశారు.

ఆ విద్యార్థి తప్పేమీ లేదు. వాడు పసివాడు. తప్పు పెద్దవాళ్లది.

ఇప్పటి బోర్డు కూడా ఆదివారాలు ఇళ్లల్లో కూర్చుని నిర్ణయాలు చేస్తోందని తెలిసింది. ఆ వంటింట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. సాండ్రే బడి మీద వేసిన ఓటు రద్దు చెయ్యండి. మూయాలనుకుంటే జనం ముందు నిలబడి, ఎందుకు మూస్తున్నారో చెప్పి మూయండి. నా మినిట్స్ సరిదిద్దండి.

నేను జాలి అడగడం లేదు. రికార్డు అడుగుతున్నాను.

సోల్వేగ్ నైగార్డ్

*

హాల్విక్
13 ఏప్రిల్ 1978

అక్కా,

చదివాను. గొంతు వణికింది, కానీ ఆగలేదు.

లైబ్రరీ గది సరిపోక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. రెండో వాక్యం దగ్గరే ఆర్విల్ "ఇదంతా ఇప్పుడెందుకు, అధ్యక్షా, ఆపించండి" అన్నాడు. నేను ఆగి హార్లన్ వైపు చూశాను. మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆపమంటాడనే అనుకున్నాను.

"అజెండాలో ఉంది. చదవనీ" అన్నాడు.

చదవడం అయిపోయింది. హార్లన్ బల్ల మీది ఆ గంటని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ విద్యార్థి నేనే" అన్నాడు. "ఆ ఆదివారం మేడమెట్ల మీద కూర్చున్నాను. అంతా విన్నాను. మిస్ నైగార్డ్ ఏడవలేదు. కుర్చీ సర్దిపెట్టి మరీ వెళ్లింది." నా వైపు తిరిగాడు. "రాసుకుంటున్నారా, క్లర్కు గారూ?"

"రాసుకుంటున్నాను, అధ్యక్షా."

"రాయండి."

జనవరి ఓటు రద్దు చెయ్యాలని లవాన్ తీర్మానం పెట్టింది. అధ్యక్షుడు బలపరచకూడదన్న నియమమేమీ మా దగ్గర లేదు. హార్లనే బలపరిచాడు, తీర్మానం నెగ్గింది. మే తొమ్మిదిన వ్యాయామశాలలో అందరి ముందూ మళ్లీ చర్చ, మళ్లీ ఓటు.

వెంటనే కరిగిపోకు. బయటికెళ్తూ నా దగ్గర ఆగి, "ఆ బడి మూయాల్సిందేనని నేనిప్పటికీ అంటాను. లాయిడ్ విషయంలో మాత్రం... వచ్చి అడగమను" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే లాయిడ్ "అడగడానికి నా కాళ్లు అటు నడవవు" అన్నాడు. పక్క ఊరి సహకార సంఘంలో ట్రక్కు పనికి చేరాడు.

నీ
ఆర్డిస్

*

హాల్విక్
11 మే 1978

అక్కా,

రెండున్నర గంటలు. నేల మిషనుకి పట్టిన దానికి ఆరింతలు!

హార్లన్ మొదటిసారి లేచి నిలబడి కారణాలు చెప్పాడు. కప్పు కారుతోంది, బాయిలరు పాతది, టీచర్లు దొరకడం లేదు, పెద్ద బడిలో పిల్లలకి సైన్సు గది ఉంటుంది. అన్నీ నిజాలే. అయినా బడి మూయాలన్న అతని మాటతో నేను ఏకీభవించను. ప్రతి మాటా రాశాను. తర్వాత సాండ్రే వాళ్లు లేచారు. కప్పు మేమే వేసుకుంటామన్నారు, దానికి కావలసిన పైకప్పు పలకలు ఎవరి గోదాములో ఉన్నాయో కూడా చెప్పారు. బెర్నీస్ "బాయిలరు సంగతి నాకొదిలెయ్, హార్లన్. నీ గోదాములో దానికంటే అది ఎక్కువ వేడిస్తుంది" అంది.

ఓటు: మూయాలని ఇద్దరు, వద్దని ముగ్గురు. లవాన్‌తో పాటు, జనవరిలో అవునన్నవాళ్లలో ఒకాయన మనసు మార్చుకున్నాడు. మూడో చెయ్యి ఎవరిదనుకున్నావు? ఆర్విల్ డాల్! "పోయినసారి నేను చర్చ వినలేదు, ఈసారి విన్నాను" అన్నాడు. అదీ రాశాను.

బడి తెరిచే ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ ఈ పోరు తప్పదు. రానీ.

నీ విషయం జూలైలో తీసుకుంటారు. హార్లన్ ఒక వాక్యం రాసి నాకిచ్చాడు, నీకు నచ్చుతుందో లేదో కనుక్కోమని: "1951లో మిస్ నైగార్డ్ ఉద్యోగం నుంచి తొలగించబడ్డారని, అందుకు బోర్డు విచారిస్తోందని గమనించడమైనది." ఏమంటావు?

ఆర్డిస్

*

బ్రెమర్టన్
22 మే 1978

ఆర్డీ,

నచ్చలేదు.

తొలగించబడ్డారు! ఆకు రాలినట్టు నేను దానంతటదే రాలిపోయానా? ఈ "బడ్డారు గిడ్డారు" నాకొద్దు. నేను టీచర్ని, వాక్యంలో కర్త ఎవరని పిల్లల్ని నల్లబల్ల దగ్గరికి పిలిచి మరీ అడిగేదాన్ని. తీసేసినవాళ్లకి పేర్లున్నాయి. ఐదుగురి పేర్లూ ఉండాలి. విచారం అక్కర్లేదు. పోయినసారి కూడా విచారంతోనే ఆమోదించారు.

కుదరదంటే నా ఉత్తరం మళ్లీ పంపుతాను. ప్రతి నెలా పంపుతాను. ప్రతి నెలా నువ్వు పైకి చదవాలి. ఫెర్రీ కౌంటర్లో నాకొచ్చే జీతం స్టాంపులకి సరిపోతుంది.

అక్క

*

హాల్విక్
13 జూలై 1978

అక్కా,

జూలై సమావేశంలో బోర్డు ఏటా క్లర్కుని నియమించుకోవాలి. జనవరిలో హార్లన్ ఇంట్లో కూర్చున్న నలుగురిలో ఒకాయన, ఈసారి వేరే మనిషిని చూద్దామని తీర్మానం పెట్టాడు. హార్లన్ "బలపరిచేదెవరు?" అన్నాడు. నేను తల వంచుకుని రాస్తున్నాను. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. ఆర్విల్ దగ్గాడు, అంతే. "బలపరిచేవారు లేక తీర్మానం వీగిపోయింది" అని నా గురించి నేనే రాసుకున్నాను. తర్వాత లవాన్ నా పేరు పెట్టింది. ఇంకో ఏడాది నన్ను భరించాలి వాళ్లు.

తర్వాత నీ అంశం వచ్చింది. నీ ఉత్తరంలోని వ్యాకరణ పాఠాన్ని ఉన్నదున్నట్టు చదివాను. గదంతా నవ్వింది, హార్లన్ తప్ప. అతను తను రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆవిడ చెప్పినట్టే రాయండి" అన్నాడు.

ఆర్విల్ వెంటనే అందుకున్నాడు. "పేర్లెందుకు హార్లన్? నలుగురు పోయారు. మిగిలినాయన వృద్ధాశ్రమంలో మంచం మీదున్నాడు. వాళ్ల పిల్లలంతా ఈ ఊళ్లోనే ఉన్నారు."

"నేనూ ఈ ఊళ్లోనే ఉన్నాను."

కలం పట్టుకుని కూర్చున్నాను. పాత పుస్తకంలో ఐదు పేర్లూ అక్షర క్రమంలో ఉన్నాయి. అలాగే ఎక్కించాలా అని అడిగాను.

"వద్దు. మా నాన్న పేరు ముందు రాయండి" అన్నాడు. "వంటిల్లు ఆయనది."

రాశాను అక్కా. "1951 మే 6న థియోడర్ ఫాస్, మరో నలుగురు సభ్యులు..." ఆ నలుగురి పేర్లూ ఒక్కొక్కటే. "...సాండ్రే బడి టీచరు సోల్వేగ్ నైగార్డ్‌ని పనిలోంచి తీసేశారు. ఆమె రాజీనామా చెయ్యలేదు."

ఓటు పెడితే ఇప్పటి సభ్యులు ఐదుగురూ అవునన్నారు.

నీ
ఆర్డిస్